సిపాయిల ఆస్పత్రిలో నరాల డాక్టరమ్మ

పోయిన సంక్రాంతికి బరంపురం వెళ్లినప్పుడు మా మేనత్త అరిసెల పళ్లెం నా ముందు పెట్టి, "ఏమే అమ్మలూ, ఇరవై ఏళ్లుగా అడుగుదామనుకుంటున్నాను. నువ్వు పనిచేసేది మిలిటరీ ఆస్పత్రా, సర్కారు ఆస్పత్రా? మిలిటరీదైతే యూనిఫారం ఉండాలి కదా, ఒక్క ఫోటోలోనూ వేసుకున్నట్టు లేవే" అంది. నేను జవాబు చెప్పేలోగా పక్కన కూర్చున్న మన సంఘం కార్యదర్శిగారు "అదేదో మన పత్రికకు రాసి ఇవ్వండమ్మా, మాకూ తెలుస్తుంది" అన్నారు. తెలుగులో ఇంత పొడుగున రాసి చాలా కాలమైంది. తప్పులుంటే పాఠకులు మన్నించాలి.

అత్త ప్రశ్నకు ముందు జవాబు. అది మిలిటరీ ఆస్పత్రి కాదు. అమెరికాలో కొలువులో ఉన్న సైనికులకు వేరే ఆస్పత్రులున్నాయి. నేను పనిచేసేది సైన్యం నుంచి బయటికొచ్చిన వాళ్లకోసం ప్రభుత్వం నడిపే వైద్యశాఖలో. దాన్ని అక్కడ అందరూ పొట్టిగా 'వి.ఏ.' అంటారు. అంతర్యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1865 మార్చి 4న, అబ్రహాం లింకన్ తన ప్రసంగంలో యుద్ధభారం మోసినవాణ్ణీ, అతని వితంతువునూ, అనాథ బిడ్డనూ చూసుకునే బాధ్యత దేశానిదేనన్నాడు. ఆ మాటే తర్వాత ఈ శాఖకు ధ్యేయవాక్యమయింది. విడివిడిగా ఉన్న దఫ్తరాలన్నీ 1930లో ఒకటయ్యాయి. 1989లో దానికి ఒక కేబినెట్ మంత్రి వచ్చాడు. ఇప్పుడు సుమారు 170 ఆస్పత్రులు, 1100కు పైగా ఔట్ పేషెంటు కేంద్రాలు, పేరు నమోదు చేసుకున్న మాజీ సైనికులు 90 లక్షల దాకా ఉన్నారు. అమెరికాలో వైద్యమంటే ఇన్సూరెన్సు, బిల్లులు, అప్పులు అని మనవాళ్లంతా వింటూ ఉంటారు. ఆ దేశం నడిబొడ్డున ఆస్పత్రి భవనం, డాక్టరు జీతం, మందుల కొట్టు అన్నీ ప్రభుత్వానివే అయిన ఇంత పెద్ద ఏర్పాటు ఉందంటే మా అత్త నమ్మలేదు. నేనూ వెళ్లి చూసేదాకా నమ్మలేదు.

నేను బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో చదివి, 1996లో అమెరికా వెళ్లి, న్యూరాలజీ శిక్షణ ముగించి, 2004లో ఇక్కడ చేరాను. ఊరి పేరు రాయను. చుట్టూ మొక్కజొన్న పొలాలు, దూరదూరంగా పల్లెలు. నాది ఔట్ పేషెంటు పని. వార్డులు లేవు, అర్ధరాత్రి పిలుపులు లేవు. ఉదయం ఎనిమిదికి మొదలుపెడితే కొత్త పేషెంటుకు గంట, పాతవాళ్లకు అరగంట. వణుకు, మతిమరుపు, మూర్ఛ, తలనొప్పి, పాదాల మంటలు. మీ ఊళ్లో ఏ నరాల డాక్టరు గదిలోనైనా చూసే జబ్బులే ఇవి. ఎక్కువ భాగం అంతే. తేడా గది బయట కనిపిస్తుంది.

వెయిటింగు హాలులో ఒక్కొక్కరి తలమీద ఒక టోపీ ఉంటుంది. దానిమీద ఓడ పేరో, రెజిమెంటు పేరో, యుద్ధం పేరో కుట్టి ఉంటుంది. పక్కపక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఇద్దరు ముసలివాళ్లు ముందు టోపీ చదువుకుని తర్వాత మాట కలుపుతారు. కాఫీ పోసేది కూడా ఒక మాజీ సైనికుడే, స్వచ్ఛందంగా. నూరు మైళ్ల అవతల నుంచి కారు నడపలేనివాళ్లను వ్యానులో తీసుకొచ్చేదీ అలాంటి స్వచ్ఛంద డ్రైవర్లే. వికలాంగ సైనికుల సంఘం 1987 నుంచి ఈ వ్యాన్లు నడుపుతోంది. ఒకసారి మంచు తుఫానులో నా క్లినిక్కుకు ఆ వ్యానొక్కటే వచ్చింది. దిగినవాళ్లు ముగ్గురు. డ్రైవరుకే 78 ఏళ్లు!

మొదట్లో వాళ్లకు నా ఇంగ్లీషు యాస కష్టమయ్యేది. నాకు వాళ్లది ఇంకా కష్టమయ్యేది. "మీరు సర్వీసు చేశారా డాక్?" అని అడిగేవాళ్లు. "లేదు, మా నాన్న చేశారు, ఇండియన్ ఆర్మీ సిగ్నల్స్, ఇరవై నాలుగేళ్లు" అనేదాన్ని. అంతే, కుర్చీలో బిగుసుకుని ఉన్న మనిషి వెనక్కి ఆనుకునేవాడు. మీ నాన్న ర్యాంకు ఏమిటి, ఎక్కడెక్కడ ఉన్నాడు, ఏ సెట్టు వాడేవాడు అని ప్రశ్నలు మొదలు. నాన్న 1960లో చేరి, జబల్పూరులో వైర్‌లెస్ నేర్చుకుని, 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున పనిచేసి, 1984లో నాయబ్ సుబేదారుగా ఇంటికొచ్చారు. ఆ నాలుగు ముక్కలు నా డిగ్రీలకంటే ఎక్కువ పనిచేశాయి.

ఇక పని సంగతి. మా క్లినిక్కులో జబ్బు పేరుకు విడిగా ఒక బరువు ఉంటుంది. అది బయట ఆస్పత్రుల్లో ఉండదు. వియత్నాం యుద్ధంలో 1962 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు అడవుల మీద దాదాపు 2 కోట్ల గాలన్ల కలుపుమందు చల్లాయి. పీపాల మీద నారింజరంగు పట్టీ ఉండే రకం ఎక్కువగా వాడారు గనక దానికి 'ఏజెంట్ ఆరెంజ్' అని పేరొచ్చింది. అందులో డయాక్సిన్ అనే విషం కలిసి ఉంది. అక్కడ పనిచేసినవాళ్లకు తర్వాత కొన్ని జబ్బులు వస్తే, అవి ఆ మందువల్లే వచ్చాయని రుజువు అడగకుండా ఒప్పుకోవాలని చట్టం. 2010లో ఆ జాబితాలో పార్కిన్సన్ జబ్బు చేరింది. ఆ పేరు కాగితం మీద పడితే నెలనెలా పరిహారం వస్తుంది. ఊరికే వచ్చే వణుకు, 'ఎసెన్షియల్ ట్రెమర్' అనేది, ఆ జాబితాలో లేదు.

పరిహారం ఇచ్చేది నేను కాదు, దానికి వేరే విభాగముంది. కాని నేను రాసిన మాట అక్కడికి వెళుతుంది. ఒక పెద్దాయన వచ్చాడు, జీవితమంతా లారీ నడిపినవాడు. వాళ్ల ఊరి మాజీ సైనికుల హాల్లో స్నేహితులు చెప్పి పంపారట, 'డాక్టరమ్మతో పార్కిన్సన్ అని రాయించుకో' అని. చేతులు ఒళ్లో పెట్టుకుంటే వణుకు లేదు. కప్పు పట్టుకుంటే కాఫీ చిందుతుంది. పార్కిన్సన్‌లో సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, పని చెబితే తగ్గుతుంది. నడక చూశాను, వేళ్లు ఆడించి చూశాను, మణికట్టు తిప్పి చూశాను. లేదు. ఆయన భార్యకు కేన్సరు మందులు, ఇంటి కిస్తీలు, అన్నీ చెప్పాడు. రాయడానికి ఒక్క మాట. నేను చూసిందే రాశాను. ఆయన టోపీ పెట్టుకుని మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. ఏడాది తర్వాత ఆగస్టులో మళ్లీ వచ్చాడు, చేతిలో ఒక సంచి నిండా లేత మొక్కజొన్న కంకులు. నేనిచ్చిన ప్రొప్రనొలాల్ పనిచేసి కాఫీ చిందడం తగ్గిందట. "నీ మూలంగా నాకు చాలా డబ్బు నష్టం" అన్నాడు సంచి టేబులు మీద పెడుతూ. అదే మాట ప్రతి ఏడూ అంటాడు.

దీనికి తలకిందులైన రోజులూ ఉంటాయి. ఏ.ఎల్.ఎస్. అనే జబ్బు ఉంది. కండరాలను నడిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, ఆపే మందు లేదు. ఈ జబ్బు సైన్యంలో పనిచేసినవాళ్లకు మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తున్నట్టు అధ్యయనాల్లో కనిపించి, 2008 నుంచి, కనీసం 90 రోజులు కొలువు చేసిన ఎవరికి వచ్చినా అది సైనిక సేవవల్లే వచ్చినట్టు లెక్కిస్తున్నారు. 2012 నుంచి దానికి నూటికి నూరు శాతం పరిహారం. బయటి డాక్టరు ఈ కబురు చెప్పి ఏడుస్తున్న భార్యాభర్తలను ఇంటికి పంపాలి. నేను అదే కబురు చెప్పి, అదే గంటలో మాజీ సైనికుల సంఘం మనిషిని గదిలోకి పిలుస్తాను. ఆయన కాగితాలు తెస్తాడు. మోటారు కుర్చీ, ఇంటి ముందు ర్యాంపు, స్నానాల గది మార్పు, ఊపిరి యంత్రం, చూసుకునే భార్యకు సాయం, వీటికి ఎవరూ ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. జబ్బు మాత్రం తగ్గదు. ఇరవై ఏళ్లుగా ఈ కబురు చెబుతున్నా నాకు తేలిక కాలేదు.

చెప్పకూడనిది కాదు గనక చెబుతాను, చికాకులు కూడా ఉన్నాయి. కంప్యూటరు తెరమీద ఒకదాని తర్వాత ఒకటి గుర్తుచేసే పెట్టెలు తెరుచుకుంటాయి. టీకా వేశారా, పొగ తాగుతాడా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగారా. ఆ చివరిది తీసిపారేసేది కాదు. అడిగితేనే బయటపడినవాళ్లు నాకే ఉన్నారు. కాని అరగంటలో పది నిమిషాలు తెరకే పోతాయి. 2019 నుంచి నా దగ్గర 28 రోజుల్లో తేదీ దొరక్కపోయినా, కారులో గంటకు మించిన దూరమైనా, పేషెంటు ప్రభుత్వ ఖర్చుతో బయటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. మంచిదే. అయితే బయట తీసిన స్కాను రిపోర్టు నా టేబులుకు చేరేసరికి ఒక్కోసారి మనిషి రెండుసార్లు పడి లేస్తాడు.

మతిమరుపు పేషెంట్లను నేను తప్పనిసరిగా అడిగే ప్రశ్న మీకు వింతగా ఉంటుంది. "ఇంట్లో తుపాకులు ఎన్ని?" మొదటిసారి సీనియరు డాక్టరు ఇలా అడగడం విని నేను తెల్లబోయాను. మన దగ్గర మతి తప్పుతున్న పెద్దాయన విషయంలో గ్యాసు స్టవ్వు కట్టారా, వీధి తలుపు గడియ పెట్టారా అని అడుగుతాం. అక్కడ పల్లెల్లో ఇంటికి నాలుగైదు తుపాకులు మామూలు. భార్యను దొంగ అనుకునే రోజు ఒకటి వస్తుంది. తుపాకికి వేసే తాళాలు మా దగ్గర ఉచితంగా ఇస్తాం. ఒకావిడ తాళం వద్దంది. తూటాలన్నీ ఆరు నెలల క్రితమే గోధుమపిండి డబ్బా అడుగున దాచేసిందట. ఆయన ఇప్పటికీ ప్రతి ఆదివారం ఖాళీ తుపాకీ శుభ్రం చేసి మళ్లీ గోడకు తగిలిస్తాడని చెప్పి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేను రాయడానికి జంకుతున్న సంగతి. మాజీ సైనికుల్లో చాలామంది నిద్రలో అరుస్తారు, కాళ్లూ చేతులూ విసురుతారు, మంచం మీంచి పడతారు. యుద్ధం జ్ఞాపకాలే అనుకుంటారు అంతా. చాలాసార్లు నిజమే. కాని కొందరిలో అది వేరే జబ్బు. కల వచ్చే నిద్రలో మన ఒళ్లు కదలకుండా మెదడు తాళం వేస్తుంది. ఆ తాళం చెడిపోతే కలలో కొట్టే దెబ్బ నిజంగానే పక్కవాళ్లకు తగులుతుంది. ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత, కొందరికి పదేళ్లు దాటాక, పార్కిన్సన్‌గాని దానికి దగ్గరి జబ్బుగాని వస్తుంది. ఇది నేను ప్రతి ఏడూ కుర్ర డాక్టర్లకు నేర్పే పాఠం. 2001లో అమ్మ ఫోనులో "మీ నాన్న రాత్రి ఎవర్నో తన్నబోయి మంచం మీంచి పడ్డారే, ఇంకా మిలిటరీ కలలే" అంటే నేను నవ్వాను. అప్పటికి సగం న్యూరాలజిస్టునే, నిజమే. 2004లో పోపు మాడిపోతున్నా పక్కగదిలో ఉన్న నాన్నకు వాసన తెలియలేదని అమ్మ విసుక్కుంది. పూర్తి న్యూరాలజిస్టునై ఉండీ పట్టించుకోలేదు. 2007లో కుడి భుజం నొప్పి అన్నారు. ఒక ఆస్పత్రిలో భుజం బిగిసిందని ఏడాది పాటు కసరత్తులు చేయించారు. ఆ కసరత్తులు ఎలా చెయ్యాలో ఫోనులో నేనే చెప్పాను.

పట్టుకున్నది అమ్మ. 2009 వేసవిలో, "ఏమోనే, మీ నాన్న నడుస్తుంటే ఒక చెయ్యి ఊగటం లేదు, సంచి పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు" అంది. నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. మర్నాడు తమ్ముడు లాప్‌టాప్ పట్టుకుని వరండా ఆ చివరినుంచి ఈ చివరికి నాన్నను నడిపించాడు. తర్వాత, "నాన్నా, బొటనవేలూ చూపుడువేలూ తాటించండి, పెద్దగా, త్వరగా" అన్నాను. ఆయన నవ్వి, "ఇదొక పరీక్షా అమ్మలూ? నిమిషానికి ఇరవై మాటలు మోర్స్ కొట్టినవాణ్ణి" అన్నారు. మొదటి నాలుగు దెబ్బలు పెద్దగా పడ్డాయి. తర్వాత చిన్నవయ్యాయి, నెమ్మదించాయి, ఆగాయి. నాన్న తన వేళ్లవైపే చూస్తూ ఉండిపోయారు. నేను ఆ పరీక్ష ఆ వారంలో పదిహేనుమందికైనా చేసి ఉంటాను.

నాన్నకు వైద్యం మన మాజీ సైనికుల వైద్య పథకం, ఇ.సి.హెచ్.ఎస్. కింద జరిగింది. పెన్షను తీసుకునే మాజీ సైనికులకోసం 2003 ఏప్రిల్ 1న మొదలైన పథకమది. ముందు పాలీక్లినిక్కుకు వెళ్లి, అక్కడినుంచి చీటీ పట్టుకుని వాళ్లు ఒప్పుకున్న ఆస్పత్రికి వెళ్లాలి. క్యూలున్నాయి, మందు లేదనిపించుకున్న రోజులున్నాయి. అయినా నాన్న నా డబ్బు తీసుకోలేదు. "నేను సంపాదించుకున్న హక్కు ఉండగా నీ డాలర్లెందుకు?" అనేవారు. సరిగ్గా ఇదే మాట నా పేషెంట్లు తమ కొడుకులతో అనడం నేను విన్నాను.

లెవోడోపా మాత్ర నాన్నకు బాగా పట్టింది. మూడో వారానికి చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నారు. ఆయన స్నేహితుడొకరు దూలగొండి గింజల పొడి తెచ్చిచ్చారు. అందులో నిజంగానే లెవోడోపా ఉంది. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రజ్ఞులు ఆ గింజల్లోంచి దాన్ని వేరుచేసి చూపించారు. ఒప్పుకున్నాను గాని తినొద్దన్నాను. ఏ చెంచాలో ఎంత మందుందో తెలియదు, మాత్రతో కలిస్తే ఎక్కువైపోతుంది. ఈ పత్రిక చదివే ఇళ్లల్లో ఎవరైనా వాడుతుంటే మీ డాక్టరుకు చెప్పండి, దాచకండి. మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకుంటే నయం, పప్పూ పెరుగూ మందును అడ్డుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో నాన్న, పదకొండున్నరకు మాత్ర, పన్నెండుకు అన్నం అని, బ్యారక్ క్రమశిక్షణ చూపించారు. తొమ్మిదేళ్లు అలా నడిచింది. చివరి రెండేళ్లు బాగాలేవు, వాటి గురించి రాయను. 2018లో వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఇల్లు సర్దుతుంటే అమెరికాలో నా సొరుగులో నాన్న ఉత్తరాలు కట్ట దొరికింది. ఫోనులొచ్చాక కూడా ఆయన నెలకొక ఉత్తరం రాసేవారు. 1998 నాటిది తీస్తే అక్షరాలు కవాతు చేస్తున్నట్టు ఉన్నాయి. 2003లో కొంచెం చిన్నవయ్యాయి. 2006 నాటి ఉత్తరంలో మొదటి మాట మామూలుగా మొదలై, పంక్తి చివరికి వచ్చేసరికి చీమల బారు. పార్కిన్సన్‌లో చేతిరాత అలా కుంచించుకుపోతుంది, పుస్తకాల్లో దానికొక పేరు కూడా ఉంది. ఆ ఉత్తరాలన్నీ నేను చదివినవే. చదివి, జవాబు రాసి, కట్టకట్టి పెట్టినవే.

మా క్లినిక్కుకు మెడికల్ కాలేజీ నుంచి శిక్షణకు కుర్ర డాక్టర్లు వస్తుంటారు. ఆ రెండు ఉత్తరాలు, 1998దీ 2006దీ, పక్కపక్కన పెట్టి వాళ్లకు చూపిస్తాను. తెలుగు అక్షరం ఒక్కటీ రానివాళ్లు కూడా ఒక్క చూపులో జబ్బు పేరు చెప్పేస్తారు. మొన్న ఒక కుర్రాడు రెండో ఉత్తరం మీద వేలు పెట్టి, "ఇందులో ఏం రాశారు డాక్టర్?" అని అడిగాడు. అంతకుముందు ఎవరూ అడగలేదు.

చదివి చెప్పాను. ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు వడియాలకు ఎండ చాలలేదు. నా ఆరోగ్యం బాగానే ఉంది, నువ్వేమీ బెంగ పెట్టుకోకు.